నేనేం ముట్టలే!

ఆదిలాబాద్‌లో పత్తి సీజన్. జిన్నింగ్ మిల్లు గేటు బయట బండ్ల వరుస. పొద్దున ఆరింటికి దానంతటదే తెరుచుకోవాల్సిన కాంటా ప్రోగ్రామ్ తెరుచుకోలేదు. టాస్క్ షెడ్యూలర్‌లో స్క్రిప్ట్ పెట్టి ఉంది, తెర మీద మాత్రం వాల్‌పేపరే ఉంది. ఇట్లాంటప్పుడు ఏం చేయాలో కింద రాస్తున్నాను. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి ఆఫీసులో, ప్రతి నెట్ సెంటర్‌లో ఇవి ఎప్పటినుంచో అమల్లో ఉన్నవే.

మొదటి పని: ఎవరూ అడగకముందే "నేనేం ముట్టలే, నిన్నటిదంక మంచిగనే నడిచింది" అనాలి. మనకు తెలిసి పాస్‌వర్డ్ మార్చడం ముట్టడం కిందికి రాదు. షెడ్యూలర్ దగ్గర పాత పాస్‌వర్డే మిగిలిపోతే దాని ఖర్మ. డెస్క్‌టాప్ గలీజుగా ఉందని ఫోల్డర్ పేరు మార్చడం కూడా ముట్టడం కాదు, సాఫ్ చేయడం.

రెండో పని రీస్టార్ట్. ఫలితం లేకపోతే మళ్లీ రీస్టార్ట్, ఈసారి కోపంగా.

తర్వాత స్క్రిప్ట్ మీద మనమే డబుల్ క్లిక్ చేయాలి. ప్రోగ్రామ్ టక్కున తెరుచుకుంటుంది. "మంచిగనే ఉన్నది గదా!" అని లేచిపోవాలి. మనం క్లిక్ చేసినప్పుడు మన లాగిన్, మన ఫోల్డర్, మన నెట్‌వర్క్ డ్రైవ్ అన్నీ వెంట ఉంటాయనీ, షెడ్యూలర్ ఒంటరిగా వెళ్లినప్పుడు అవేవీ ఉండకపోవచ్చనీ ఆలోచిస్తే టీ చల్లారిపోతుంది. 'యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడపాలి' అన్న చోట టిక్కు పెట్టామా, ఇక ప్రోగ్రామ్ ఎవరికీ కనిపించని సెషన్‌లో తెరుచుకుంటుంది. 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి విండోస్ తీరు ఇదే. అంటే కాంటా ప్రోగ్రామ్ ఆరింటికే డ్యూటీ ఎక్కింది, మనకే కనిపించడం లేదు. మర్నాడు పొద్దున షెడ్యూలర్ వచ్చి చూసి, నిన్నటిది ఇంకా నడుస్తోంది కదా అని మర్యాదగా వెనక్కిపోతుంది.

అప్పుడు తప్పును కరెంటు మీద వేయాలి. మా వైపు కరెంటుకూ, దానంతటదే నడిచేవాటికీ ఘనమైన చరిత్ర ఉంది. త్రీఫేజ్ ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి బాయికాడికి పోయి మోటర్ వేయడమంటే పాముతోనో షాకుతోనో పందెం. అందుకే రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటర్ దానంతటదే లేస్తుంది, రైతు ఇంట్లో పడుకుంటాడు. 2017 జులైలో ఉమ్మడి కరీంనగర్, మెదక్, నల్లగొండ జిల్లాల్లో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చి చూశారు, 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా ఇచ్చారు. కరెంటు పోవడం లేదు కాబట్టి మోటర్ ఆగడం లేదు. మడి నిండినా పోస్తూనే ఉంది, బోరులో నీళ్లు అడుగంటుతున్నాయి. ఎక్కడైనా కాసేపు సరఫరా ఆగి మళ్లీ వచ్చిందంటే మోటర్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయి. ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను అడగాల్సి వచ్చింది. తీయడానికి మనసొప్పనివాళ్లను నేను తప్పుపట్టను. మళ్లీ రాత్రి కరెంటు రోజులు రావని ఎవరు రాసిచ్చారు?

కాంటా కంప్యూటర్‌దీ అదే తంతు. పెట్టిన రోజు పరిస్థితికి తగ్గట్టే పెట్టాం. తర్వాత పాస్‌వర్డ్ మారింది, ఫోల్డర్ మారింది, పాత కంప్యూటర్ పోయి ల్యాప్‌టాప్ వచ్చింది. స్క్రిప్ట్‌ను నిజంగానే ఎవరూ ముట్టలేదు, బాధంతా అదే. ఆరింటికి మనం రానక్కర్లేదనే పెట్టుకున్నాం కాబట్టి, ఆరింటికి అది లేచిందో లేదో చూసే మనిషి కూడా లేడు. నేనైనా అంతే, తొమ్మిదింటికి ముందు ఎప్పుడు వచ్చాను గనక?

తమాషా ఏమిటంటే కరెంటు సాకు ఒక్కోసారి నిజమే. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే షెడ్యూలర్ పని మొదలుపెట్టదు. ఆ షరతు మనం పెట్టకుండానే టిక్కై ఉంటుంది. తప్పిపోయిన పనిని తర్వాతైనా చేయమనే టిక్కు మాత్రం మనమే పెట్టాలి.

'పని విజయవంతంగా పూర్తయింది' అని కనిపిస్తే నమ్మేయండి. పూర్తయింది స్క్రిప్టే కావచ్చు, ప్రోగ్రామ్ సంగతి ఎవరికి కావాలి.

కరీంనగర్ ఐటీ టవర్ పిల్లలకు విడిగా ఒక మాట: యూటీసీలో నడిచే సర్వర్ మీద క్రాన్‌కు ఆరు అని రాస్తే మనకు అది పగలు పదకొండున్నర. కనిపెట్టేదాకా దయ్యమని చెప్పుకోండి.

ఏదీ పనిచేయకపోతే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే తమ్ముడికి ఫోన్ కొట్టాలి. "తెర మీద ఏం రాసుందే అన్నా?" అని అడుగుతాడు.

"ఏమో తమ్మీ, ఇంగ్లీషుల ఏదో వచ్చింది. ఓకే కొట్టిన, పోయింది."