అశోక్‌నగర్‌లో అందరికీ ఉద్యోగాలే

హైదరాబాద్‌లో నిరుద్యోగమన్నది కనిపించని పేట ఏదైనా ఉంటే అది అశోక్‌నగరే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి వైపు నడుస్తూ చూడండి. జిరాక్స్ మెషిన్‌కు ఊపిరాడదు. స్పైరల్ బైండింగ్ కుర్రాడు తల పైకెత్తడు. టిఫిన్ బండి మీద పెనం చల్లారదు. స్టడీహాల్ ఓనరు ఒక్క గదినే కుర్చీల లెక్కన నెలనెలా అద్దెకిస్తుంటాడు. ఫలితాలొచ్చిన రోజు ఫ్లెక్సీలు కొట్టేవాడికి నిద్రే ఉండదు. ఇంతమందికి పని చూపించినవాడు ఒక్కడే, గ్రూప్స్‌కి చదివే అభ్యర్థి. అతనికి మాత్రం ఉద్యోగం లేదు.

ప్రభుత్వ గణాంకాల దృష్టి మరీ సూక్ష్మం. కేంద్రం చేయించే కార్మిక సర్వేలో వారం లెక్క ఒకటుంది. గడిచిన 7 రోజుల్లో ఏదో ఒకరోజు ఒక్క గంట పని చేసినా ఉపాధి ఉన్నట్టే. జిరాక్స్ షాపు ఓనరు భోంచేసి వచ్చేదాకా గల్లా దగ్గర కూర్చుని నాలుగు డబ్బులు తీసుకున్నవాడు ఆ వారానికి ఉద్యోగస్తుడు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటిదాకా లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకం వదలనివాడు మాత్రం పనీపాటా లేనివాడు.

పని లేదంటే ఎలా? ఈ తేదీలు చూడండి. తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరు చివర్లో వచ్చింది. పోస్టులు 783, దరఖాస్తులు ఐదున్నర లక్షలు. పరీక్ష 2023 ఆగస్టు 29, 30న అన్నారు. గురుకుల పరీక్షలూ అదే నెలలో మీద పడ్డాయని అభ్యర్థులే నాంపల్లిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసు ముందు ధర్నాకు దిగారు. నవంబరు 2, 3కు మార్చారు. అసెంబ్లీ ఎన్నికలొచ్చి పడ్డాయి. 2024 జనవరి 6, 7 అన్నారు. ఆ లోపు ప్రభుత్వం మారింది, కమిషన్ చైర్మన్ రాజీనామా చేశారు. రాసేవాళ్లు లక్షల్లో ఉన్నారు గానీ పెట్టేవాళ్లే లేకపోయారు. తర్వాత ఆగస్టు 7, 8 అన్నారు. ఈసారి డీఎస్సీ పరీక్షలు పక్కనే వచ్చాయి. చివరికి 2024 డిసెంబరు 15, 16న జరిగింది. ఈ మధ్యలో ముఖ్యమంత్రి మారారు, టీఎస్‌పీఎస్సీ కాస్తా టీజీపీఎస్సీ అయింది. అభ్యర్థి ఒక్కడే నిలకడగా ఉన్నాడు.

వాయిదా అనగానే బయటివాళ్లు అయ్యో అంటారు. అదేమిటో వాళ్లకు తెలియదు. కమిషన్ వాయిదా వెబ్‌నోట్ పెట్టిన రాత్రి అశోక్‌నగర్‌కు రావాలి. ఎకానమీ పుస్తకం ఇంకా కవరు కూడా తీయనివాడు "బతికినం అన్నా" అంటూ గది గదికీ తిరుగుతాడు. వన్ బై టూ చాయ్ ఆ రాత్రికి ఫుల్ అవుతుంది, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు కూడా చేరతాయి. సిలబస్ పూర్తిచేసి రెండో రివిజన్‌లో ఉన్నవాడొక్కడే దిగాలుగా ఉంటాడు. అలాంటివాడితో ఆ రాత్రి ఎవరూ మాట్లాడరు. మిగతావాళ్లు సెకండ్ షోకి బయల్దేరతారు. సంధ్య, దేవి, సుదర్శన్, అన్నీ నడిచి వెళ్లే దూరమే. విశ్వామిత్రుడి తపస్సు చెడడానికి ఒక్క మేనక చాలింది. ఇక్కడ ప్రతి శుక్రవారం ఓ కొత్త సినిమా. అయినా పాలిటీ చదువుతున్నారంటే ఆ నిగ్రహానికే ఏదో ఒక పోస్టు ఇవ్వొచ్చు.

తెల్లారేసరికి హాస్టల్ ఓనరు మొహం వెలిగిపోతూ ఉంటుంది. కోచింగ్ సెంటర్ ముందు 'కొత్త రివిజన్ బ్యాచ్' బోర్డు అప్పటికే లేచి ఉంటుంది. కమిషన్ ఒక్క వెబ్‌నోట్‌తో ఇంతమందిని సంతోషపెట్టగలదని రాజ్యాంగం రాసినవాళ్లు ఊహించి ఉండరు.

ఇక గ్రూప్-2లో నాలుగో పేపరు. తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం, 150 మార్కులు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంతో రాష్ట్రం వచ్చింది కదా, ఆ మూడోది ఇప్పుడు సిలబస్‌లో ఉంది. 1952 ముల్కీ ఆందోళన, 1973 ఆరు సూత్రాల పథకం, 1985 డిసెంబరు 30 నాటి 610 జీవో, గిర్‌గ్లానీ కమిషన్. ఉద్యోగాలు ఎవరికి ఎప్పుడు ఎలా దక్కకుండా పోయాయో తారీఖులతో సహా కంఠస్థం చేసి, నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దితే మార్కు వస్తుంది. తన సంగతి ఇంకా సిలబస్‌లోకి ఎక్కలేదని అభ్యర్థికి చిన్న వెలితి.

తిండికి కొదవ లేదు. 5 రూపాయల భోజనం 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైంది, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్‌గా మారి టిఫిన్ కూడా పెడుతోంది, అదీ ఐదుకే. మామూలు మనుషులు ఉప్మా తిని చేయి కడుక్కుంటారు. ఇతను తింటూనే పేరెప్పుడు మారింది, టిఫిన్ ఎప్పుడు మొదలైంది అని కరెంట్ అఫైర్స్ నోట్స్‌లో రాసుకుంటాడు. ఆదివారం హాస్టల్‌లో చికెన్. ఆ మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీలో వెతికినా కనపడడు.

వయసు బెంగ కూడా ప్రభుత్వమే తీర్చింది. యూనిఫాం పోస్టులు తప్ప మిగతావాటికి గరిష్ఠ వయోపరిమితిని 2022లో 44 చేశారు, 2024లో 46కు పెంచారు. దాంతో ఊళ్లో పెళ్లి సంబంధాలు చూసే మేనమామకు ఓ జవాబు దొరికింది: "పిలగాడు ఇంక చదువుకుంటున్నడు." అమ్మాయిల హాస్టళ్లలో ఈ జవాబు చెల్లదు. అక్కడ వయోపరిమితిని కమిషన్ కాదు, చుట్టాలు నిర్ణయిస్తారు. సడలింపులు కూడా ఉండవు.

రాత్రి తొమ్మిదింటికి ఇంటి నుంచి ఫోన్. "తిన్నవా బిడ్డా?" అని అమ్మ. వెనకనుంచి నాన్న గొంతు: "పరీక్షెప్పుడట?" మొదటిదానికి నిజం చెప్తాడు. రెండోదానికి కమిషన్ చెప్పిన తేదీ చెప్తాడు. రెంటికీ తేడా ఉందని నాన్నకు మూడో వాయిదా నాటికే అర్థమైపోయింది. అయినా డబ్బులు మాత్రం నెల మొదటివారంలో పంపుతూనే ఉన్నాడు.

తీరా పరీక్ష రోజు దరఖాస్తు పెట్టినవాళ్లలో సగానికి పైగా హాల్‌కే రాలేదు. రెండేళ్లలో కొందరు ఎక్కడో కుదురుకున్నారు, కొందరు వేరే పరీక్షకు మళ్లారు, కొందరికి ఐదో వాయిదా ఖాయమన్న గట్టి నమ్మకం.

తుది ఫలితాలు 2025 సెప్టెంబరు 28న వచ్చాయి. ఫ్లెక్సీలు లేచాయి. కోచింగ్ రంగంలో ఒకే ర్యాంకరు రెండు మూడు సంస్థల ఫ్లెక్సీల మీద నవ్వడం మామూలే. ఇలాంటి ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కొన్ని కోచింగ్ సెంటర్లకు జరిమానాలు కూడా వేసింది. జాబితాలో ఎంపికైనవాళ్లు 782 మంది. ఒక్క పోస్టు ఫలితం ఆపారు. ఆ సాయంత్రం చాయ్ దుకాణం దగ్గర ఆ 782 మంది ప్రస్తావన రెండు నిమిషాల్లో ముగిసింది. మిగిలిన చర్చంతా ఆ ఒక్కదాని మీదే: ఏ జోన్‌ది, ఏ రోస్టర్‌ది, కేసేమైనా పడిందా, తర్వాతి నోటిఫికేషన్‌లో కలుపుతారా, కలిపితే కటాఫ్ ఎంతుంటుంది.