మార్పిడి విద్యార్థి దరఖాస్తుకు గోదావరి వ్యాఖ్యానం

పరాయి దేశంలో ఒక విద్యాసంవత్సరం పాటు అక్కడి కుటుంబంలో సొంత పిల్లల్లా ఉంటూ, అక్కడి హైస్కూల్లో చదువుకొని తిరిగి రావడాన్ని స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ అంటారు. దీన్ని 'విద్యార్థుల మార్పిడి' అని తెనిగించవచ్చు గానీ, మార్పిడి అన్న మాట చెవిన పడగానే కోనసీమ పెద్దలకు కుండమార్పిడి పెళ్లిళ్లు గుర్తుకొచ్చి, "మనవాణ్ణి పంపితే వాళ్ల పిల్లను మనకిస్తారా?" అని అడుగుతారు కనుక ఇంగ్లీషు పేరే క్షేమం.

ఇలాంటి పథకాల్లో పేరున్నది, 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, 2002లో అమెరికన్ కాంగ్రెస్ నెలకొల్పిన కెనడీ–లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ. దీన్ని పొట్టిగా 'యెస్' అంటారు, గోదావరి యాసలోనైతే 'ఆయ్' అనాలి. ఖర్చు అమెరికా ప్రభుత్వానిది. పిల్లల్ని ఇలా దేశాలు దాటించే పాత సంస్థల్లో ఒకటైన ఏఎఫ్ఎస్, 1915లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో అంబులెన్సులు నడిపిన వాలంటీర్లతో మొదలై, 1947 నుంచి క్షతగాత్రులకు బదులు హైస్కూలు పిల్లల్ని చేరవేస్తోంది. మన ఇంటర్మీడియట్ హాస్టళ్లు చూసినవారికి ఈ రెంటికీ పెద్ద తేడా కనబడకపోవచ్చు.

అమెరికా నిబంధన ప్రకారం దరఖాస్తుదారుకు పదిహేనేళ్లు నిండి పద్దెనిమిదిన్నర దాటకుండా ఉండాలి, లేదా బడిచదువు పదకొండేళ్లకు మించకుండా ఉండాలి. అంటే సరిగ్గా ఇంటర్ చదివే ఈడు. 'ఏడాది పోవడం' అన్నది ఇక్కడ ఒక పారిభాషిక పదం. టైఫాయిడ్ వచ్చినా, లెక్కలు తప్పినా, ఈఏపీసెట్ ముంగిట అమెరికా వెళ్లినా పోయే ఏడాది ఒకటే కాబట్టి, ఎంపికైన కబురు విని చూడవచ్చిన బంధువులు "పోన్లెండి, వచ్చే ఏడు చూసుకోవచ్చు" అని ఓదార్చి, కాఫీ తాగి వెళతారు.

అసలు చిక్కు మాత్రం దరఖాస్తు లోపల ఉంది. "నీ గురించి నువ్వు రాయి" అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగులో మొదలుపెట్టిన భారతంలోనే, కర్ణపర్వానికి వచ్చేసరికి, తనను తాను చంపుకోబోయిన అర్జునుణ్ణి ఆపి, తనను తాను పొగుడుకుంటే చాలు, అది ఆత్మహత్యతో సమానమేనని కృష్ణుడు ఉపాయం చెబుతాడు. అంతటి శాస్త్రం నీడన పెరిగి, "ఎవరబ్బాయివిరా?" అన్న ప్రశ్నకు తాతగారి పేరు చెప్పడమే తప్ప సొంత ఊసు ఎత్తి ఎరగని కుర్రవాడు, నాయకత్వ లక్షణాలను ఉదాహరణలతో వివరించమంటే పెన్ను నోట్లో పెట్టుకోవడం సహజం. తల్లిదండ్రులు రాయవలసిన లేఖ ఇంతకన్నా కఠినమైనది, ఎందుకంటే కన్నవారు పొగిడితే బిడ్డకు ఆయుక్షీణమన్న నమ్మకం ఇక్కడ ఇంకా గట్టిగానే ఉంది. అందుచేత తండ్రి "మావాడు పర్వాలేదండి" అని ఒక్క వాక్యం రాసి, అది మరీ ఎక్కువైందేమోనని మళ్లీ చదువుకుంటాడు. తల్లి మాత్రం, ఇంట్లో ఏ పనులు చేస్తాడన్న గడిలో, గర్వంగా, "పుల్ల కూడా ఎత్తనివ్వం" అని రాయిస్తుంది. పెంపుడు జంతువుల గడిలో పాడిగేదెను చేర్చాలా అన్నది కాసేపు చర్చకు వచ్చి, పాలిచ్చేది పెంపుడు జంతువు కాదు, ఇంటి మనిషి అని నాయనమ్మ తీర్పు చెప్పడంతో గేదె కుటుంబ సభ్యుల జాబితాలోకి మారుతుంది.

పైసా పుచ్చుకోకుండా విద్యార్థిని ఇంట్లో ఉంచుకొని అన్నం పెట్టేవారిని హోస్ట్ ఫ్యామిలీ అంటారు. "ఊరికే ఎందుకు పెడతారండీ?" అని అనుమానించేవారు తమ ముత్తాతల చదువు మరచినవారు: పేద విద్యార్థి వారంలో రోజుకొక ఇంట భోంచేసి చదువుకోవడాన్ని వారాలు చేసుకోవడం అనేవారు, అలాంటివాణ్ణి వారాలబ్బాయి అనేవారు. ఇలాంటి మార్పిడే నడుపుతూ, ఏడాదిలో రెండు మూడు ఇళ్లు మార్పించే రోటరీ క్లబ్బువారి పద్ధతి ఆ వారాలనే నెలలుగా సాగదీసినట్టుంటుంది. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవారికల్లా వడ్డించిన డొక్కా సీతమ్మ మాత్రం, ఆకలిగొన్నవాడి చేత వ్యాసం రాయించుకున్నట్టు ఎక్కడా లేదు.

ఆతిథ్యమిచ్చే ఆ ముక్కూమొహం తెలియని కుటుంబానికి ముందుగా ఒక ఉత్తరం రాయాలి. దరఖాస్తు మొత్తంలో ఇంటిల్లిపాదికీ నచ్చే భాగం ఇదే. కుర్రవాడు రాసిన మొదటి ప్రతిలో క్రికెట్టూ, కాలవలో ఈతా, ఇంటర్ గ్రూపూ ఉంటాయి. తాత దాన్ని చదివించుకొని, అవతలివాళ్ల యోగక్షేమాలు అడగకుండా సొంత గోల ఏమిటని మందలించగా "మీరంతా కులాసానా అండీ" అన్న వాక్యం పైన చేరుతుంది, ఆ 'అండీ'కి ఇంగ్లీషు దొరక్క ముగ్గురు మేనమామలకు ఫోన్లు వెళతాయి. కొత్తావకాయ ఏ నెలకు ఊరుతుందో, పూతరేకులు విమానంలో విరగకుండా ఎలా వస్తాయో తల్లి చెప్పగా ఎక్కుతాయి. తనకు చోటిమ్మని అడగవలసిన ఆ ఉత్తరం నాలుగో ప్రతికి వచ్చేసరికి, చిట్టచివర, సంక్రాంతికి పిల్లాపాపలతో బయల్దేరి రావలసిందనీ, రాజమండ్రి స్టేషనుకు కారు పంపుతామనీ, నెల్లాళ్లు ఉండకపోతే ఊరుకోమనీ ఉంటుంది.