ఒకే పేరు, రెండు సరుకులు

ఆటల కంప్యూటరులో తెరపై బొమ్మను లెక్కగట్టి గీసే విడిభాగమైన గ్రాఫిక్స్ కార్డును, అందులోనూ మధ్యతరగతి ధర ఉన్నదాన్ని, ఎంచుకోవడం గుంటూరు మిర్చి యార్డులో తేజ రకాన్ని బేరమాడడం కంటే కష్టమైన విద్యగా మారింది. యార్డులో వ్యాపారి మిర్చి బస్తా అయిన టిక్కీలోకి చేయి జొనిపి, అడుగు కాయను పైకి లాగి, విరిచి తేమ చూసి, తాలు ఎంతో లెక్కగట్టి గాని ధర పలకడు. ఆయన ఇంట్లో బీటెక్ చదివే వారసుడు మాత్రం డబ్బా మీది పేరు చూసి వేలకు వేలు ముట్టజెప్పి వస్తాడు. 2021 ఫిబ్రవరిలో ఎన్విడియా విడుదల చేసిన ఆర్‌టీఎక్స్ 3060లో బొమ్మల సరంజామాను దాచుకునే వీడియో మెమరీ 12 జీబీలు, ఆ సరంజామా చిప్‌కు చేరే దారి అయిన మెమరీ బస్ 192 బిట్లు ఉండగా, 2022 చివర్లో అదే పేరుతో వచ్చిన మరో కార్డులో అవి 8 జీబీలకు, 128 బిట్లకు కుంచించుకుపోయాయి. పేరు మాత్రం వెంట్రుకవాసైనా తగ్గలేదు. 2023లో 4060 టీఐ, 2025లో 5060 టీఐ కూడా 8, 16 జీబీల కవలలుగానే పుట్టాయి. పాత ఆటలకు 8 జీబీలు చాలుతాయన్నది నిజమే గాని, కొత్త ఆటలో మెమరీ చాలక బొమ్మ తడబడితే కుమారుడు ప్రాసెసరును, తండ్రి కరెంటోళ్లను తిట్టుకుంటారు. ఎన్ని జీబీలో తెలిపే అంకె డబ్బా మీద లేకపోలేదు. దుకాణదారు ధర చీటీ అంటించేది సరిగ్గా దాని మీదే.