అడిగినదానికల్లా తలూపే ఎడిటర్

కోడ్ రాయడం రాకపోయినా వెబ్ పేజీ చేసుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మండి. అది నిజమే. "అయిదే అయిదు నిమిషాల్లో" అని పక్కన ఓ మాట చేరుస్తారు చూడండి, దాన్ని మాత్రం నమ్మకండి.

మా మామయ్య రెండూ నమ్మారు. ఆయన కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. ఊళ్లో హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘానికి కార్యదర్శి కాగానే, సంఘానికి ఆఫీసు గది లేకపోయినా ఫర్వాలేదు గానీ వెబ్ పేజీ ఉండి తీరాలన్నారు. బయటివాళ్లకిస్తే డబ్బులడుగుతారు, నాకిస్తే వాయిదాలడుగుతాను. అందుకని ఉచితంగా దొరికే విజువల్ ఎడిటర్ ఒకటి దింపుకుని నాకు ఫోన్ చేశారు.

"ఏరా, ఇందులో కోడూ గీడూ రాయక్కర్లేదటగా?"

"అక్కర్లేదు మామయ్యా. తెర మీద మీరు పేజీ సర్దుకుంటూ పోతే వెనకాల కోడ్ అదే రాసుకుంటుంది."

"మరింకేం! వెనకాల అది ఏం రాసుకుంటే మనకెందుకు?"

పెద్దవాళ్ల ప్రశ్నల్లో జవాబు కూడా కలిసే ఉంటుంది. నేను మళ్లీ మాట్లాడలేదు.

ఆయన్ననడానికీ లేదు. వెబ్‌ను పుట్టించిన టిమ్ బెర్నర్స్-లీ ఉద్దేశమూ దాదాపు అదే. 1990లో సెర్న్ పరిశోధనశాలలో నెక్స్ట్ అనే కంప్యూటర్ మీద ఆయన తయారుచేసిన మొట్టమొదటి బ్రౌజర్లో పేజీ చదవడమే కాదు, అక్కడికక్కడే దిద్దుకోవడమూ కుదిరేది. జనం కూర్చుని కోడ్‌లోని టాగులు చేత్తో కొట్టుకుంటారని ఆయన అనుకోలేదు. తర్వాత ఊరూరా పాకిన మొజాయిక్‌లాంటి బ్రౌజర్లు చదవడానికే పరిమితమయ్యాయి. రాసే పని నోట్‌ప్యాడ్ నెత్తిన పడింది.

ఆ కష్టం తీర్చడానికి ఫ్రంట్‌పేజ్ అనే విజువల్ ఎడిటర్ వచ్చింది. దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీ పేరు వెర్మీర్ టెక్నాలజీస్. వెర్మీర్ పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు. 1996లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. మరుసటేడు మాక్రోమీడియా కంపెనీ డ్రీమ్‌వీవర్ అనే ఇంకో ఎడిటర్‌ను దింపింది. అసలు వెర్మీర్ వేసినవాటిలో ఇవాళ మిగిలిన చిత్రాలు నలభై కూడా లేవు. ఆయన పేరు పెట్టుకున్న కంపెనీ సరుకుతో జనం రాత్రికి రాత్రి పేజీల మీద పేజీలు వేసి పారేశారు. వాటిలో చాలావాటి నుదుటి రాత "న్యూ పేజ్ 1". డ్రీమ్‌వీవర్ సంతానమైతే "అన్‌టైటిల్డ్ డాక్యుమెంట్". టైటిల్ పెట్టండని ఎడిటర్ పట్టుబట్టలేదు, పెట్టాలని వీళ్లకు తోచలేదు.

ఎడిటర్ తత్వమే అంత. అది జమీందారు కొలువులో గుమస్తా. "చిత్తం" అనడమే గానీ, "అయ్యా, ఇది ఇలా కాదేమో" అనడం దాని వంశంలో లేదు. మీ చెయ్యి చేసిన పనల్లా పొల్లుపోకుండా రాసుకుంటుంది. మీ మనసులో ఏముందో దానికి అక్కర్లేదు.

సంఘం పేరు నడిమధ్యకు రావాలని మామయ్య స్పేస్ బార్ మీద బొటనవేలు ఆనించి కూర్చున్నారు. పేజీ కోడ్ రాసే భాష హెచ్‌టీఎంఎల్. దాని లెక్కలో వరసగా ఎన్ని ఖాళీలున్నా ఒక్కటే. అయితే పెద్దాయన అంతసేపు నొక్కారంటే ఏదో ఆంతర్యం ఉంటుందని గుమస్తా నొక్కు నొక్కుకూ పక్కదానితో కలిసిపోని ఒక నాన్ బ్రేకింగ్ స్పేస్ రాసిపెట్టింది. ఆయన మానిటర్ మీద పేరు సరిగ్గా మధ్యలో కొలువుదీరింది. ఫోన్లో చూసినవాళ్లకు కుడి అంచు దాటి పొలిమేర అవతలికి పోయింది.

"సెంటర్ అని ఒక బటన్ ఉంది మామయ్యా."

"ఉంటే ఉండనీ. నాకు మధ్యలోనే కనబడుతోందిగా!"

పేరు పెద్దగా ఉండాలని అక్షరాల సైజు పెంచి, బోల్డ్ చేసి, ఎరుపు పులిమారు. మెనూలో హెడింగ్ 1 నుంచి హెడింగ్ 6 దాకా ఆరుగురు పనిలేకుండా కూర్చున్నారు. చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు ఆ హెడింగుల్ని పట్టుకునే ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళతాయి. ఎర్రరంగు పూసుకున్న లావు అక్షరాలు వాటికి మామూలు వాక్యమే.

ఇక గ్రూప్ ఫోటో. డెస్క్‌టాప్ మీదున్నదాన్ని లాక్కొచ్చి పేజీలో పడేశారు. గుమస్తా దాని చిరునామా రాసుకుంది: సీ డ్రైవ్, ఫలానా ఫోల్డర్. దాంతో ఆ ఫోటో మామయ్య కంప్యూటర్లో దివ్యంగా వెలిగింది, భూగోళం మీద మరెక్కడా వెలగలేదు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఫోటోలో నేను లేనేమిటి?" అని నిలదీశారు. "అసలు ఫోటోయే లేదండీ" అని ఇంకొకాయన ఓదార్చారు. చిరునామా దిద్ది, ఫోటోను సర్వర్‌కు ఎక్కించాకా రాలేదు. ఈసారి అడ్డుపడింది ఫైలు పేరు. విండోస్‌కు ఫైలు పేర్లలో పెద్ద ఏబీసీడీలూ చిన్న ఏబీసీడీలూ ఒకటే. వెబ్ సర్వర్లలో ఎక్కువగా ఉండే లినక్స్‌కు అవి వేర్వేరు. చివరికి ఫోటో వచ్చింది గానీ, తాపీగా వచ్చింది. మూల పట్టుకుని తపాలా బిళ్లంత చేశారు కదా, తగ్గింది కొలతే, బరువు కాదు. ఫైలు మొత్తం దిగాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద గండం తెలుగు. సంఘం చరిత్రను ఎప్పుడో డీటీపీ సెంటర్లో కొట్టించిన ఫైల్లోంచి తెచ్చి అతికించారు. అక్కడి పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మల్ని కూర్చోబెడతాయి. ఆ ఫాంట్ ఉన్న మామయ్యకు అది చరిత్ర. లేనివాళ్లకు పిచ్చి ఇంగ్లిషు. యూనికోడ్‌లోనైతే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరుంటుంది. 'త'ది 3108. ఎవరి ఫోన్లోనైనా అది 'త'యే. అయితే పేజీ ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో దాచాలి, యూటీఎఫ్-8 అని పేజీ పైభాగంలో చెప్పాలి కూడా. ఆ పద్ధతిలో మన అక్షరం ఒక్కోదానికి మూడేసి బైట్లు పడతాయి. చెప్పకపోతే బ్రౌజర్ ఒక్కో బైటునూ ఒక్కో అక్షరమనుకుని, నెత్తిన గీత పెట్టుకున్న ఫ్రెంచి 'ఏ'లతో పేజీ నింపేసే ప్రమాదం ఉంది.

ఇంత జరిగినా తప్పు ఎడిటర్‌ది కాదు. అది చెప్పింది చెప్పినట్టు చేసింది. చిక్కల్లా ఏమిటంటే, చూసేవాళ్ల దగ్గరికి వెళ్లేది మన తెర కాదు, ఆ గుమస్తా వెనకాల రాసిన కాగితం.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి మనవి. ఒక్క అక్షరం కొట్టకముందే ఒక ఫోల్డర్ చేసుకోండి. ఖాళీ పేజీని అందులో ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ పేరుతో సేవ్ చేయండి. ఫోటోల్ని ముందే చిన్నవి చేసి, చిన్న ఏబీసీడీలతో, ఖాళీల్లేని పేర్లు పెట్టి అదే ఫోల్డర్లో వేయండి. తెలుగు యూనికోడ్‌లో కొట్టండి. టైటిల్ పెట్టండి, హెడింగులు మెనూలోంచే తీసుకోండి. పని పూర్తయ్యాక ఇంకొకరి ఫోన్లో చూడండి. రోజుకొక్కసారైనా కోడ్ వ్యూ తెరిచి అందులో ఏముందో చదవండి. విజువల్ ఎడిటర్ మనకు కోడ్ రాసే శ్రమ తప్పిస్తుంది, చదివే శ్రమ తప్పించదు.