అద్దె రాని టవర్‌కే రేడియేషన్

సెల్ టవర్‌కు ఒక గుణం ఉంది. ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చెప్పరు గానీ, బషీర్‌బాగ్ పాత అపార్టుమెంట్ల అసోసియేషన్ మీటింగుల్లో అది అందరికీ తెలిసిందే. డాబా అద్దె పైఅంతస్తు ఓనరు జేబులోకి పోతే టవర్ నుంచి రేడియేషన్ వస్తుంది. అదే అద్దె అసోసియేషన్ ఖాతాలో పడి మెయింటెనెన్స్ తగ్గిందా, రేడియేషన్ ఆగిపోయి సిగ్నల్ మాత్రమే వస్తుంది.

పక్క బిల్డింగు మీది టవర్‌తో ఎవరికీ పేచీ లేదు. మన ఫోన్లలో గీతలు నిండుగా నిలబెట్టేది అదే కదా! మన డాబా మీద ఇనప కడ్డీలు దించిన రోజే గర్భిణులు, పసిపిల్లలు, పిచ్చుకలతో సహా అంతా గుర్తుకొస్తారు. అభ్యంతర పత్రం వాట్సాప్ గ్రూపులో రాస్తారు, అక్కడే దిద్దుతారు, సంతకాలయ్యాక ఫొటో తీసి కార్పొరేటర్‌కు ఫోన్లోనే పంపుతారు. బల్దియా కదలకపోతే బషీర్‌బాగ్ ప్రెస్‌క్లబ్ ఉండనే ఉంది. టవర్ల మీద ధ్వజమెత్తుతున్న పెద్దమనిషి అక్కడ మాట మధ్యలో ఆపి, "లైవ్ వస్తోందా?" అని అడుగుతాడు. ఆగి ఆగి వస్తోందంటే ఆ కోపమూ కంపెనీ మీదే.

వీళ్ల అమ్ములపొదిలో బ్రహ్మాస్త్రం ఒకటుంది: "ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది." చెప్పిన మాట నిజమే. ఆ సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ, 2011 మే నెలలో రేడియో తరంగాలను '2బి' జాబితాలో వేసింది. క్యాన్సర్‌కు కారణం కావచ్చునేమో, ఆధారాలు మాత్రం అంతంతమాత్రం అని దానర్థం. ఆసియా దేశాల సంప్రదాయ ఊరగాయ కూరలదీ అదే జాబితా. (మన ఆవకాయ గురించి కాదులెండి. దాని జోలికొచ్చి ఉంటే ఐఏఆర్‌సీ ఆఫీసు ముందే టెంటు వేసేవాళ్లం.) దానికి ఒక మెట్టు పైన '2ఎ'. అందులో 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలున్నాయి, రాత్రి షిఫ్టు ఉద్యోగమూ ఉంది. అబిడ్స్ గ్రాండ్ హోటల్లో పొగలు కక్కే ఇరానీ చాయ్‌ని చల్లారనివ్వకుండా జుర్రుతూ టవర్‌ను తిట్టేవాడి చేతిలో ఉన్నది టవర్ కంటే పై తరగతి అనుమానితుడన్నమాట. ఆ తిట్లను రాత్రి రెండింటికి పేజీలో పెడుతున్న సబ్ ఎడిటర్ బతుకే 2ఎ. ఈ మెట్లు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి తప్ప ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. అంత ఓపికగా చదివేవాడైతే వినతిపత్రం ఎందుకు రాస్తాడు?

అన్నిటికంటే పైన, అనుమానానికి తావే లేని ఒకటో గ్రూపు ఉంది. 2012లో ఐఏఆర్‌సీ అందులో డీజిల్ ఇంజన్ పొగను చేర్చింది. కరెంటు పోయినప్పుడు టవర్ కోసం పెట్టిన జనరేటర్ వదిలేది అదే. ఆ జనరేటర్ గొట్టం ఎవరి కిటికీ వైపు తిరిగి ఉంది? ఎప్పుడో వేసిన స్లాబు ఆ బరువు మోస్తుందని సంతకం పెట్టింది ఎవరు? అడగాల్సిన ప్రశ్నలంటే ఇవీ. అడిగితే కంపెనీ నిజంగానే నీళ్లు నమలాల్సి వస్తుంది. కానీ ముక్కుకు తగిలే పొగకు మన దగ్గర మర్యాద లేదు, కంటికి కనబడని తరంగానికే ఆ గౌరవం.

టవర్ యాంటెన్నా తన శక్తిని దూరంగా, దాదాపు అడ్డంగా విసురుతుంది. సరిగ్గా కింది ఫ్లాటులో పడేది బహు తక్కువ. దీపం కింద చీకటి అంటారే, అది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఫోను సంగతి వేరు. టవర్ దగ్గరుంటే కాస్తంత శక్తితో పని కానిచ్చేస్తుంది, సిగ్నల్ అందనికొద్దీ వేల రెట్లు పెంచుకుంటూ పోతుంది. ఆ పెంచడం జరిగేది చెవి పక్కన. కాబట్టి ఉద్యమించి టవర్‌ను కింగ్‌కోఠి అవతలికి తరిమిన కాలనీ సాధించిందల్లా, డాబా మీది రేడియేషన్‌ను తలకాయ దగ్గరికి తెచ్చుకోవడం. అలాగని గుండెలు బాదుకోనక్కర్లేదు. డబ్ల్యూహెచ్‌ఓ అడిగితే 63 అధ్యయనాలను జల్లెడపట్టి 2024లో అచ్చువేసిన సమీక్షలో, మొబైల్ ఫోన్‌కూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదు. ఈ మంచి కబురు మాత్రం ఏ గ్రూపులోనూ ఫార్వర్డ్ అయినట్టు లేదు.

ఫోన్‌కు కవరూ చార్జరూ కావాలంటే జగదీశ్ మార్కెట్ దాకా వెళ్లాలి. భయానికి మందైతే ఇంటికే వస్తుంది. 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షుడు వల్లభ్‌భాయ్ కథీరియా ఆవుపేడ చిప్పును చూపించి, ఫోన్ రేడియేషన్‌ను ఇది తగ్గిస్తుందని సెలవిచ్చారు. రుజువేదని వందలమంది శాస్త్రవేత్తలు అడిగారు. యూరప్ వాళ్లూ తక్కువ తినలేదు. 5జీ నుంచి కాపాడతాయంటూ అమ్ముతున్న లాకెట్ల వంటి 10 వస్తువులను 2021లో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ పరీక్ష చేయిస్తే, అసలు సిసలు అణుధార్మికత వాటిలోనే బయటపడింది. అంతకు ముందు ఏడాది బ్రిటన్‌లో, కరోనాకు 5జీయే కారణమని టవర్లు తగలబెట్టారు. కాలినవాటిలో బర్మింగ్‌హామ్ కరోనా ఆస్పత్రికి సిగ్నల్ అందించేదీ ఒకటి. చివరిచూపు కూడా వీడియో కాల్‌లోనే దొరికిన రోజులవి.

ఈ రుబ్బురోలులో ఇరికేది టవర్ ఇంజనీరు తలే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు అనుమతి. 2012 సెప్టెంబరు 1 నుంచి మన టెలికాం శాఖ దాన్ని పదో వంతుకు కోసి 0.45 చేసింది. ఎక్కడో ఉన్న పరిమితిని ఇంత కిందికి దించితే జనం నెమ్మదిస్తారనుకున్నారు కాబోలు. "పదింతలు తగ్గించారంటే ఇన్నాళ్లూ పదింతలు తినిపించారన్నమాట" అని జనం ఖాయం చేసుకున్నారు. ఇంకోపక్క కాల్ డ్రాపులు రెండు శాతం దాటకూడదని నియంత్రణ సంస్థ ట్రాయ్ కర్ర పట్టుకుంది. శక్తి తగ్గించు, టవర్ పీకేయ్, కాల్ మాత్రం తెగనివ్వకు! బ్రస్సెల్స్ నగరం ఇంతకంటే బిర్రుగా పరిమితి బిగించి, 5జీని ఏళ్లతరబడి గుమ్మం బయట నిలబెట్టి, 2023లో తనే సడలించుకుంది. మనకు 2023లోనే కొత్త టెలికాం చట్టం వచ్చింది, దాని కింద 2025 జనవరి 1 నుంచి టవర్లు నిలబెట్టుకునే దారి హక్కు నిబంధనలూ వచ్చాయి. హక్కు గెజిట్‌లో భద్రంగా ఉంది. డాబా గ్రిల్లు తాళంచెవి మాత్రం అసోసియేషన్ సెక్రటరీ మొలతాడుకు ఉంది. టెలికాం శాఖకు చెప్పకుండా టవర్లకు సీలు వేయొద్దని ఢిల్లీ ఎప్పుడో రాష్ట్రాలకు రాసింది. మొలతాడుకు ఢిల్లీ ఉత్తరాలు అందవు.

అనుమానం తీరే మార్గం లేదా అంటే, ఉంది. 2017 మేలో కేంద్రం 'తరంగ్ సంచార్' అనే పోర్టల్ తెరిచింది. ఏ టవర్ నిబంధనలకు లోబడి ఉందో అందులో చూసుకోవచ్చు. నమ్మకం కుదరకపోతే 4,000 రూపాయలు కడితే చాలు, మనుషులు మీటరు పట్టుకుని ఇంటికే వచ్చి కొలిచి చెబుతారు. నలభై ఫ్లాట్ల బిల్డింగయితే తలకు వంద. అర ప్లేటు బిర్యానీ కూడా రాదు ఆ డబ్బుకు. అసోసియేషన్ మీటింగులో ఈ సంగతి ఎత్తి చూడండి. అప్పటిదాకా పిల్లల ప్రాణాలకు వెలకట్టలేమన్న సభ కాసేపు ఫ్యాన్ల వైపు చూస్తుంది. ఆ తర్వాత వెనక వరుసలోంచి ఎవరో లేచి అడుగుతారు: "ఆ వందేదో పైఅంతస్తు ఆయన అద్దెలోంచే కట్టించకూడదా?"