కళ్ళెం ఎవరి చేతిలో?

ఆదివారం తెల్లారితే చాలు, మొయినాబాద్ వైపు నలభై దాటిన దొరలు గుర్రమెక్కడానికి కార్లేసుకుని బయల్దేరుతున్నారు. చలానా పడితే తప్ప బండి మీద హెల్మెట్ పెట్టని పెద్దమనిషి ఇక్కడ బుద్ధిగా పట్టీ బిగించుకుంటాడు. ఎడమ పక్క నుంచే ఎక్కాలట. పూర్వం రౌతుల కత్తి ఎడమ నడుముకు వేలాడేది గనక అలా అలవాటైందంటారు. మనవాడికి వేలాడేది పొట్ట.

ఎక్కాక అసలు తంతు. మడమలతో డొక్కలో పొడుస్తాడు, అంతలోనే భయమేసి కళ్ళెం లాగుతాడు. పొమ్మంటున్నాడో ఆగమంటున్నాడో తెలియక గుర్రం తలొంచుకుని గడ్డి మేస్తుంది. (ఆఫీసులో ఆయన కింద పనిచేసేవాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు.) ఈగ వాలినా చర్మం విదిలించే జీవి, పైనున్నవాడి వణుకు పసిగట్టదా? ట్రాట్ అనే దుడుకు నడకలో రౌతు ఒక అడుగుకు లేచి, మరో అడుగుకు కూర్చోవాలి. ఈయన లేవాల్సినప్పుడు కూర్చుని, కూర్చోవాల్సినప్పుడు లేస్తాడు. అసెంబ్లీలో అయితే చెల్లిపోయేది.

సోమవారం మీటింగ్ నిలబడే నడిపాడు. వాట్సాప్ డీపీలో మాత్రం సాక్షాత్తూ కాకతీయ సేనాని. గుర్రాన్ని పట్టుకున్న కుర్రాణ్ణి కత్తిరించేశాడు.