పలకని మెట్టు మాస్టారు

పెళ్లి ఆర్కెస్ట్రా కానివ్వండి, భజన బృందం కానివ్వండి, చవితి పందిరి కానివ్వండి, కీబోర్డు మాస్టారు ఒకాయన తప్పకుండా ఉంటాడు. ఆయన కీబోర్డుకు 61 మెట్లు. 60 పలుకుతాయి. పలకని ఆ ఒక్కదాని చుట్టూనే ఆయన సంగీతమంతా నడుస్తుంది.

అది నడిమి ఎఫ్ షార్పు. సి మీద షడ్జం పెట్టుకుంటే ప్రతి మధ్యమం. అందుకే మాస్టారికి మోహనమంటే ప్రాణం, అందులో అసలు మధ్యమమే లేదు కదా! శంకరాభరణమైనా అభ్యంతరం లేదు, అక్కడుండేది శుద్ధ మధ్యమం. ఎవరైనా ప్రతి మధ్యమం ఉన్న కల్యాణిలో పాట అడిగారా, ముందు మొహం చిట్లిస్తాడు. వెంటనే షడ్జాన్ని ఎఫ్ మీదికి మార్చేస్తాడు. అక్కణ్ణుంచి కల్యాణి మొత్తం తెల్లమెట్ల మీదే సాగిపోతుంది. గాయని శ్రుతికి తగ్గట్టు ట్రాన్స్‌పోజ్ బటన్ నాలుగు నొక్కులు నొక్కితే సరి. ఇంత బుర్ర ఖర్చు పెట్టే మనిషి స్క్రూడ్రైవర్ మాత్రం ముట్టడు. "విప్పితే సరస్వతికి కోపం వస్తుందండీ" అంటాడు.

ఆ మెట్టు ఒక్కరోజులో మూగబోలేదు పాపం. కొన్నాళ్లు మెల్లగా తాకినా గావుకేక పెట్టేది, కొన్నాళ్లు గట్టిగా కొడితే గాని ఉలికేది కాదు. మెట్టు కింద రబ్బరు బొడిపె ఉంటుంది, దాని లోపల రెండు నల్లటి కార్బన్ బిళ్లలు. నొక్కినప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనక బోర్డుకు తగులుతాయి. ఆ రెంటికీ మధ్య వ్యవధి తక్కువైతే గట్టిగా, ఎక్కువైతే మెల్లగా పలుకుతుంది. మధ్యలో మురికి చేరితే ఈ లెక్క తప్పుతుంది. మాస్టారు మాత్రం నేరాన్ని జనరేటర్ వాడి మీదికి తోసేశాడు. మెట్టు సందులోకి ఊదాడు, పక్కన చరిచాడు, ఊదినప్పుడు పడిన తుంపర్లు కూడా లోపలికే పోయాయి.

చివరికి ప్యాడ్స్ వాయించే కుర్రాడు పోరగా పోరగా, దుప్పటి పరిచి కీబోర్డు బోర్లించారు. స్క్రూలు టీ గ్లాసులో పడ్డాయి. మెట్లు తీసి చూస్తే లోపల పెళ్లిళ్లలో రాలిన అక్షింతలు, నిమజ్జనం నాటి రంగులు, వీటన్నిటి మీదా దసరా ఆయుధ పూజకు మాస్టారు స్వయంగా అద్దిన కుంకుమ.

"చూశావురా, ఎంతమంది దీవెనలో!" అన్నాడు మాస్టారు కళ్లకద్దుకుంటూ.

కుర్రాడు రబ్బరు పట్టీ జాగ్రత్తగా ఊడదీశాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో బిళ్లల్ని, బోర్డు మీది గీతల్ని తుడవడం మొదలుపెట్టాడు. ఊరికే కూర్చుంటే మాస్టారు మాస్టారెందుకవుతాడు? ఇసుక కాగితం పట్టుకొచ్చాడు. "అయ్యో మాస్టారూ, కార్బన్ పూత లేచిపోతుంది!" అని కుర్రాడు లాక్కున్నాడు. ఈసారి మాస్టారు శానిటైజర్ తెచ్చాడు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిగురు మిగులుతుందని కుర్రాడు అదీ పక్కన పెట్టించాడు. ఇక మాస్టారికి మిగిలింది టార్చి పట్టుకునే పని. ఆ పట్టుకోవడం కూడా వెలుగు కుర్రాడి కళ్లలో పడేలాగే.

ఆరాక బిగించారు. ఎఫ్ షార్పు గంటలా మోగింది. "విప్పానంటే బాగుపడి తీరాల్సిందే" అని మాస్టారు ఆ సాయంత్రమే నలుగురికి ఫోన్లు చేశాడు.

మర్నాడు పెళ్లిలో గాయని మోహనంలో పాట ఎత్తుకుంది. పల్లవి పూర్తికాకుండానే కీబోర్డులో ప్రతి మధ్యమం ఖంగుమంది. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి చూసింది. మాస్టారు చిరునవ్వు నవ్వాడు. అనుపల్లవిలో రెండుసార్లు. చరణంలో ఇక లెక్కలేదు.

ఆవిడ మైకు పక్కకు జరిపి అంది: "మాస్టారూ, అది పలుకుతోందని పెళ్లివారందరికీ తెలిసింది. ఇక నన్ను పాడుకోనివ్వండి."